మరీ బాగుపడిపోకండి

ఆ కోర్టు ఆవరణలో ‘మాత్రల లాయరు’ ఎవరని అడిగితే టీ కొట్టువాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. ఇరవై ఆరేళ్లుగా ఆయన చేపట్టినవన్నీ ఒకే రకం కేసులు. నొప్పి తగ్గుతుందని మాత్ర మింగి చూపు పోగొట్టుకున్నవాళ్లు, నిద్ర పడుతుందని మింగి మాట తడబడ్డవాళ్లు, దగ్గు పోతుందని తాగి వినికిడి పోగొట్టుకున్నవాళ్లు ఆయన మెట్లెక్కేవారు. అవతలి పక్క ఎప్పుడూ ఒక మందుల కంపెనీయే. కంపెనీ తరఫున నలగని కోట్లతో అయిదుగురు లాయర్లు దిగితే, ఈయన ఒక్కడే చంకలో ఫైళ్లతో, ముక్కు మీదికి జారే కళ్లజోడుతో వచ్చి వాళ్లని మూడు చెరువుల నీళ్లు తాగించేవాడు. మంచివాడని పేరు. ఆ పేరు ఆయన చెవిన పడ్డప్పుడల్లా కాదనేవాడు కాదు.

ఇంత మంచివాడికి రెండు అలవాట్లు. ఆ రెండూ లేకపోతే ఈ కథతో మనకి పని లేదు.

మొదటిది నవ్వించడం. వచ్చినవాళ్లు ఎలాగూ ఏడుస్తూనే వస్తారు. తొలిరోజు లేచి వెళ్లేలోపు వాళ్లని ఒక్కసారైనా నవ్వించకపోతే ఆయనకి ఆ పూట భోజనం సహించేది కాదు. రెండోది అడగకపోవడం. వకీలు వృత్తిలో ఇదొక విద్య. కక్షిదారు నోటి నుంచి ఏది వస్తే కేసు పలచబడుతుందో దాన్ని అసలు కదపకూడదు. కదపకపోతే తెలియదు. తెలియనిదాన్ని దాచావని ఎవరూ అనలేరు. ఈ విద్యలో ఆయన ఆరితేరినవాడు.

పోయిన ఏడాది ఆయన దగ్గరికి ఒక కటింగ్ మాస్టర్ వచ్చాడు. పెద్ద టైలరింగ్ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా గుడ్డ కత్తిరించే పని. కొలతల చీటీ ఒక్కసారి చూసి, సుద్దముక్కతో నాలుగు గీతలు గీసి కత్తెర పెట్టాడంటే మళ్లీ ఎత్తేది ప్యాంటు కాళ్లు రెండూ విడిపోయాకే. రోజంతా బల్ల మీదికి వంగి వంగి మెడ పట్టేసింది. దానికొక మాత్ర ఇచ్చారు. రెండు నెలలు మింగేసరికి మెడనొప్పి పోయింది, దాంతోపాటు కుడిచేతి వేళ్లలో స్పర్శ కూడా పోయింది. వేళ్లు ముడుచుకుని అరచేతికి అంటుకున్నాయి. అలాంటివాళ్లు ఇంకో పదిమంది తేలారు. మాత్ర నరాలని తినేస్తోందని కంపెనీకి మూడేళ్ల కిందటే తెలుసు. తెలిసి, ఆ సంగతి రాసుకున్న ఉత్తరాలు దాచేసి ఊరుకుంది.

నరం మెల్లగా తిరిగి వస్తుందని ఆస్పత్రిలో చెప్పారు. అది వచ్చేలోపు కీళ్లు బిగుసుకుపోకూడదు, వేళ్లని రోజూ సాగదీయించుకోవాలి, వ్యాయామం మానకూడదు, ఈ మొదటి ఏడాదే కీలకం అన్నారు. మాస్టారు నెల రోజులు ఠంచనుగా వెళ్లాడు. నెలాఖరున భార్యని వెంటబెట్టుకుని లాయరు గదికి వచ్చి, బల్ల మీదున్న పెన్సిలు రెండు వేళ్ల మధ్య ఇరికించి పైకి ఎత్తి చూపించాడు. పరీక్ష పాసైన పిల్లాడి మొహం పెట్టాడు పాపం.

లాయరుగారికి నిజంగానే సంతోషం వేసింది. సంతోషం వేస్తే ఆయన నోరు ఊరుకోదు.

“అప్పుడే మరీ బాగుపడిపోకండి మాస్టారూ! జడ్జిగారికి చూపించడానికి మనకేమైనా మిగలొద్దూ?”

అందరూ నవ్వారు. ఆయనకంటే పదేళ్లు పెద్దవాడైన గుమాస్తా నవ్వాడు, మాస్టారి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది, మాస్టారూ నవ్వాడు. లాయరు ఇంకో ఫైలు అందుకున్నాడు.

ఆరున్నర నెలలకి విచారణ వచ్చింది. ఆ చెయ్యి వట్టి నాటకమని, కావాలనే పిడికిలి బిగించుకుని తిరుగుతున్నాడని కంపెనీ లాయర్లు అన్నారు. మాత్రల లాయరు దుకాణం నుంచి మాస్టారి కత్తెర తెప్పించి బల్ల మీద పెట్టించాడు. “ఎత్తండి మాస్టారూ” అన్నాడు. మాస్టారు ప్రయత్నించాడు. బొటనవేలు కత్తెర పిడిలోకి దూరలేదు. రెండోసారి ఎలాగో ఇరికించి లేపబోతే కత్తెర జారి చెక్క మీద దబ్బున పడింది. జడ్జిగారు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

అప్పుడే లాయరు తన చివరి వాదన చెప్పాడు. “మందు పెట్టెలో మడతపెట్టిన కాగితం చదివి ఎవరూ మాత్ర మింగరు. ఇచ్చినవాళ్ల మొహం చూసి మింగుతారు. నమ్మకంతో మింగుతారు. ఆ నమ్మకానికి ఎవరు బాధ్యులు?” అన్నాడు. ఆ మాట మర్నాడు పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చింది. నెలకి తీర్పు వచ్చింది. పదకొండు మందీ గెలిచారు. గుమాస్తా ఆ పత్రిక ముక్క కత్తిరించి అద్దం వేయించి గదిలో తగిలించాడు. లాయరుగారు వద్దు వద్దంటూనే మేకు ఎక్కడ కొట్టాలో చూపించాడు.

తీర్పు వచ్చిన రెండు వారాలకి మాస్టారూ భార్యా వచ్చారు. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని, పెళ్లివారింటికి వచ్చినట్టు కుర్చీల అంచున కూర్చున్నారు. కృతజ్ఞతలూ కుశల ప్రశ్నలూ అయ్యాయి. మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

“ఒక్క సందేహం సార్. ఇక మొదలుపెట్టొచ్చా?”

“ఏం మొదలుపెడతారు?”

“అదే సార్, వేళ్ల వ్యాయామం. తీర్పు వచ్చేసింది కదా. కంపెనీవాళ్లు పైకోర్టుకి పోరని గుమాస్తాగారు చెప్పారు. పోతారనుకుంటే చెప్పండి, ఇంకొన్నాళ్లు ఆగుతా. నాకేం తొందర లేదు.”

లాయరు చేతిలో కలం చేతిలోనే ఉండిపోయింది.

“మీరు… వ్యాయామం మానేశారా? ఎప్పటినుంచి?”

మాస్టారు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. ఇద్దరికీ మాత్రమే తెలిసిన రహస్యం చెప్తున్నవాడిలా నవ్వాడు. “మీరు చెప్పిన రోజునుంచే సార్. మర్నాటినుంచి ఆస్పత్రి గడప తొక్కితే ఒట్టు.”

“ఈయన ఒక చోట కుదురుండే మనిషి కాదన్నయ్యగారూ” అంది భార్య. “మర్చిపోయి చెయ్యి ఆడించేస్తుంటే పట్టుకోలేక చచ్చాను. చివరికి నేనే గుడ్డతో కట్టేసేదాన్ని. పొద్దున్నే కట్టు, స్నానానికి విప్పు, మళ్లీ కట్టు. ఎనిమిది నెలలు! మీ మాట జవదాటలేదు.” ఆమె గొంతులో గర్వం ఉంది. మెచ్చుకుంటాడేమోనని ఆయన మొహంలోకి చూసింది.

ఆ క్షణంలో లాయరు అనవలసిన మాట ఒక్కటే ఉంది. అయ్యో, అది నవ్వులాటకి అన్నానమ్మా అనాలి. అది నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “మొదలుపెట్టండి. రేపే వెళ్దాం. నేనూ వస్తాను” అని మాత్రం అన్నాడు. అంత పెద్ద లాయరు స్వయంగా ఆస్పత్రికి వస్తానన్నందుకు ఆ ఇద్దరూ ఉబ్బితబ్బిబ్బయిపోయారు.

వాళ్లు వెళ్లగానే ఆయన ఫైలు తీశాడు. ఆస్పత్రి చీటీలన్నీ తేదీల వారీగా గుచ్చి ఉన్నాయి. మొదటి నెలకి ఇరవై ఆరు. ఆ తరవాత ఒక్కటీ లేదు. చివరి చీటీ వెనక గుమాస్తా తన గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టాడు: “తరవాతి చీటీలు రావడం లేదు. అడగమంటారా?” దాని కింద ఎర్ర సిరాతో ఒకే మాట ఉంది. “అక్కర్లేదు.” ఆ ఎర్ర సిరా ఆ గదిలో ఒక్కరిదే.

రాసిన రోజు కూడా ఆయనకి గుర్తొచ్చింది. చీటీలు ఆగిపోయాయంటే మాస్టారు వెళ్లడం మానేసి ఉండాలి. అడిగితే అవునంటాడు. అవునంటే అది కంపెనీవాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టే, మాస్టారి నిర్లక్ష్యం వల్లే చెయ్యి పోయిందంటారు. పైగా చెయ్యి ఎంత మొద్దుబారి ఉంటే కోర్టులో అంత బాగా కనపడుతుంది. ఇదంతా ఆయన అర నిమిషంలో ఆలోచించాడు, అర నిమిషంలో మర్చిపోయాడు. నోరు జారి ఒక మాట అనడం ఎవరికైనా జరుగుతుంది. ఈ ఎర్ర సిరా నోరు జారడం కాదు. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. గుమాస్తా టీ తెచ్చి పెడితే తలెత్తి చూడలేకపోయాడు.

మర్నాడు ఆస్పత్రిలో ఫిజియోథెరపీ గది. గోడకి కొయ్య మెట్లు, మూలన మైనం కరిగించే పెట్టె, బల్ల మీద రకరకాల రబ్బరు బంతులు. అక్కడి ఫిజియోథెరపిస్టు మాస్టారిని చూడగానే గుర్తుపట్టింది. చేతిని వేడి మైనంలో ముంచి తీసి, ఒక్కొక్క వేలూ పట్టుకుని లాగి చూసింది. కొలిచింది, రాసుకుంది, మళ్లీ లాగింది. మాస్టారి నుదుట చెమట పట్టింది గానీ కిక్కురుమనలేదు.

“నరం చక్కగా తిరిగొచ్చింది బాబాయ్. అదే నా ఏడుపు. లోపల ప్రాణం ఉంది, పైన కీళ్లు తలుపులు బిగించేసుకున్నాయి. ఎనిమిది నెలలు ఏమైపోయారు మీరు? ఎన్నిసార్లు ఫోన్ చేశాను!”

“ఇప్పటినుంచి రోజూ వస్తానమ్మా. రెండు పూటలా వస్తా.”

“రండి. చెంచా పట్టుకునేదాకా తీసుకొస్తాను. తలుపు గొళ్లెం తీసుకోగలరు.”

“కత్తెర?”

ఆమె చేతిలోని కొలబద్ద పక్కన పెట్టింది. “కత్తెర పట్టలేరు బాబాయ్. అప్పుడే మానకుండా వచ్చి ఉంటే ఈపాటికి దుకాణంలో ఉండేవాళ్లు. అసలు ఎవరు చెప్పారు మీకు మానేయమని?”

మాస్టారు లాయరు వైపు చూడను కూడా చూడలేదు.

“ఎవరు చెప్తారమ్మా. నేనే బద్ధకించాను.”

“బద్ధకమా? చెయ్యి కంటే బద్ధకం ఎక్కువైందా మీకు? ఇంత వయసొచ్చింది, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పాలా?” ఆమెకి కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. పావుగంట తిట్టింది. మాస్టారు తల వంచుకుని ఆ తిట్లన్నీ తిన్నాడు. గంటల తరబడి వాదించగల లాయరుగారు బల్ల మీద ఉన్న ఆకుపచ్చ రబ్బరు బంతిని చూస్తూ కూర్చున్నాడు. ఆ తిట్లలో ప్రతి ఒక్కటీ తన చిరునామాకే వచ్చిందని తెలుసు. అందుకోవడానికి చెయ్యి చాచలేదు.

బయటికి వచ్చాక మాస్టారే ఆయన్ని ఓదార్చాడు.

“మీరు మనసు కష్టపెట్టుకోకండి సార్. పదకొండు మంది సంసారాలు నిలబడ్డాయి. ఆ రోజు కత్తెర చేతిలోంచి జారబట్టే కదా జడ్జిగారి మనసు కరిగింది? ఒక్క చెయ్యి పోతే పోయింది. ఊరికే పోలేదు కదా.”

ఆ మాట విన్నాక లాయరుగారు రెండు వారాలు మనిషిలో మనిషిగా లేడు. ఇంట్లో కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య ఊరుకోలేదు. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకునేదాకా వదలదు.

“గెలిచిన కేసుకి ఈ మొహమేంటి?”

చెప్పాడు. ఎర్ర సిరాతో సహా చెప్పాడు.

“ఆయనకి చెప్పారా, అది నవ్వులాటని?”

“చెప్తే వేళ్లు వస్తాయా? పాపం, ఏదో త్యాగం చేశాననుకుని ఆ ధైర్యంతో బతుకుతున్నాడు. అది కూడా లాగేసుకోమంటావా?”

“ఆయన కోసం చెప్పడం లేదా, మీ కోసం చెప్పడం లేదా?”

లాయరు దీన్ని దయ అనుకుంటున్నాడు. దయా లేదు, పాడూ లేదు. ఇరవై ఆరేళ్లు జనం కళ్లలోకి చూసి మాట్లాడినవాడికి ఒక్క మనిషి కళ్లలోకి చూడటానికి మొహం చెల్లడం లేదు, అంతే. సాక్షి బోనులో నిలబెట్టి ఎంతమంది కంపెనీ పెద్దలని నిలదీశాడు! మీకు ఎప్పుడు తెలిసింది, తెలిశాక ఏం చేశారు అని అడిగేవాడు. ఇప్పుడు అవే ప్రశ్నలు అద్దంలోంచి ఎదురొస్తుంటే గడ్డం గీసుకోవడం కూడా కష్టమైంది.

సోమవారం పొద్దున కొత్త కేసువాళ్లని మళ్లీ రమ్మన్నాడు. ఈసారి వేరే మాత్ర. పాదాలు తిమ్మిరెక్కి, మడమలు లేవక ఈడ్చుకుంటూ నడిచేవాళ్లు ఎనిమిది మంది. కోర్టులో చిన్న పని చూసుకుని ఆయన వెనక గుమ్మం నుంచి వస్తుంటే ముందు గదిలోంచి మాస్టారి గొంతు వినిపించింది. పని లేక ఇంట్లో తోచక, ఈ మధ్య రోజూ వచ్చి కొత్తవాళ్లకి ధైర్యం చెప్తున్నాడని గుమాస్తా అంటే లాయరుగారు మంచిదే అన్నాడు. ఏం చెప్తున్నాడో అడగలేదు.

“లాయరుగారు పైకి చెప్పరమ్మా. చెప్పకూడదు, రూల్సు ఒప్పుకోవు. నవ్వుతూ ఒక మాట అని ఊరుకుంటారు. మనమే అర్థం చేసుకోవాలి” అంటున్నాడు మాస్టారు.

“నాకు ఎడం మడమ ఇప్పుడిప్పుడే లేస్తోందండి” అంది ఒకామె. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఆమె, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “వ్యాయామం ఆపేస్తే మళ్లీ మొదటికి రాదుగా?”

“కొన్నాళ్లే. తీర్పు వచ్చేదాకా ఓర్చుకోవాలి. నన్ను చూడండి.”

“నేను పోయిన వారమే ఆపేశా” అన్నాడు ఒక వంటమనిషి. “మాస్టారు చెప్పగానే.”

“నేనూ” అని ఇంకో గొంతు.

లాయరు గుమ్మంలోనే ఆగిపోయాడు. తన నోటినుంచి జారిన ఒక్క ముక్క మనిషి నుంచి మనిషికి పాకుతూ ఎంత దూరం వచ్చింది! ఈ మాత్రని అమ్మడానికి కంపెనీ కూడా అక్కర్లేకపోయింది. ఆయన లోపలికి వచ్చాడు. అందరూ లేవబోయారు. మాస్టారు మురిపెంగా తన కుర్చీ జరిపాడు.

“కూర్చోండి” అన్నాడు లాయరు. తను కూర్చోలేదు. “మాస్టారు మీకు చెప్పింది తప్పు. ఆయన తప్పు కాదు, ఆ మాట ఆయనతో అన్నది నేను. అది సలహా కాదు, ఎత్తుగడ కాదు. మిమ్మల్ని నవ్వించడం నాకు అలవాటు. ఆ రోజు నవ్వించడానికి అన్నాను. తరవాత ఆయన వ్యాయామం మానేశారని నాకు అనుమానం వచ్చింది. కాగితం మీద గుమాస్తాగారు అడిగారు కూడా. అక్కర్లేదని రాశాను. అడిగితే కేసుకి దెబ్బని రాశాను. అప్పుడు నేను అడిగి ఉంటే ఆయన చెయ్యి బాగయ్యేది.”

మాస్టారు మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కడికి పోవాలో దానికి తెలియనట్టు ఉండిపోయింది.

“నవ్వులాటకా సార్?”

“అవును.”

“అయితే మాత్రం ఏమైంది లెండి. కత్తెర జారబట్టే కదా గెలిచాం? అందరూ గెలిచారు కదా?”

ఇక్కడ అవునని తల ఊపితే చాలు. ఆ మనిషికి ఆ కాస్తా మిగిలేది. లాయరుకి ఎంత ఆశ కలిగిందో చెప్పలేను. కానీ ఒళ్లో చేతికర్ర పెట్టుకున్న ఆమె, వంటమనిషి, మిగతావాళ్లూ ఆ జవాబు కోసమే చెవులు రిక్కించి ఉన్నారు.

“కాదు మాస్టారూ. కంపెనీ దాచిన ఉత్తరాలు దొరికిన రోజే మనం గెలిచాం. తీర్పులో రాసిందంతా వాటి గురించే. కత్తెర మాట ఒక్క వాక్యం. మీరు దాన్ని ఎత్తి చూపించి ఉన్నా గెలిచేవాళ్లం.”

మాస్టారు తన కుడిచేతిని ఒళ్లోకి తీసుకుని, దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తిడతాడేమోనని లాయరు ఎదురుచూశాడు. తిట్టమని మనసులో బతిమాలుకున్నాడు. మాస్టారు ఉత్తరాలు పంచే ఆమె వైపు తిరిగాడు.

“విన్నావుగా తల్లీ. వెళ్లు. పాదం సాగదీయించుకునే గది పన్నెండింటికి మూసేస్తారు. మీరూ లేవండి, అందరూ లేవండి. కేసు సంగతి రేపు మాట్లాడుకోవచ్చు.” గొంతు కాస్త పెరిగింది. “లేవండంటే!”

ఒకరి వెనక ఒకరు, పాదాలు ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుంటూ వెళ్లారు. గదిలో ఇద్దరే మిగిలారు. మాస్టారు గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరగలేదు.

“మా ఆవిడకి మాత్రం ఈ సంగతి చెప్పకండి సార్. ఆ చేతిని రోజూ కట్టి ఉంచింది తను.”